వాసనగల వాయువు - వాసనలేని వాయువు



గ్యాసు పొయ్యిని గూర్చి తెలుగు ఉపాధ్యాయులు వ్రాయుటేమని మీలో కొందరికి తోపవచ్చును. మండుట యనగా నేమో, మంటలో ఆక్సిజను ఎట్లు ఖర్చగునో మీ విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు మాకంటె చక్కగా చెప్పగలరు. అయినను ఈ విషయము మా వంతునకు వచ్చుటకు కారణము కలదు. గ్యాసు పొయ్యితోను, గ్యాసు గీజరుతోను వచ్చు చిన్న పుస్తకములు మన హొసూరు ప్రాంతమున సాధారణముగ ఆంగ్లమునను, హిందీయందును, ఒక్కొక్కప్పుడు తమిళమునను ఉండును. ఇంటిలో ఆ పొయ్యిని వెలిగించునది అవ్వ. ఆమె మాట తెలుగు. ఆ పుస్తకమో, వారంటీ కాగితముతో కూడ బీరువాలో భద్రముగ నిద్రించుచుండును. ఆ రెంటి నడుమ నిలువగలవారు మీరే. కావున దీనిని విజ్ఞానపాఠముగ గాక, ఇంటికి పోయి అవ్వకును అమ్మకును చదివి వినిపింపదగిన తెలుగు పాఠముగ గ్రహింపుడు.

మేము చెప్పబోవునది ముఖ్యముగ ఒక్క సంగతి. గ్యాసు రెండు విధముల ప్రాణము తీయును. మండక బయటికి వచ్చినప్పుడు ఒక విధము. మండియు సరిగా మండనప్పుడు రెండవ విధము. మొదటిదానికి వాసన కలదు. రెండవదానికి లేదు. మన యిండ్లలోని జాగ్రత్తలన్నియు మొదటిదానిని గూర్చియే. రెండవదాని పేరు కూడ చాలమంది వినలేదు.

మీ అవ్వల కాలమున స్నానపు గదిలో ఇటుకలతో కట్టిన పొయ్యిమీద రాగి హండా ఉండెడిది. తెల్లవారక మునుపే కట్టెలు ఎగదోసి నీళ్లు కాచెడివారు. ఆ పొగకు కన్నులు మండెడివి, దగ్గు వచ్చెడిది, గోడలు నల్లబడెడివి. ఆ పొగలో విషము కలదు. దానివలన ఆడువారి ఊపిరితిత్తులు చెడినవి. ఇది నిజము. కాని ఆ పొగ ఒక మేలు కూడ చేసెడిది. గదిలో చెడుగాలి నిండుచున్నదని అదియే చెప్పెడిది. ఎవరును నేర్పకున్నను మనిషి దగ్గుచు లేచి తలుపు తెరచెడివాడు. గ్యాసు మంటకు పొగ లేదు. కావున దాని చెడుగు చెప్పువారు లేరు.

ఇండేన్ పేరిట మొదటి గ్యాసు కనెక్షను 1965లో కలకత్తాలో ఇయ్యబడినది. చాలకాలము అది పట్టణములలోని ఉద్యోగుల యిండ్ల వస్తువుగనే ఉండెను. 2016 మే 1వ తేదిన ఉజ్జ్వల పథకము ప్రారంభమైన పిదప పల్లెలలోని పేదల యిండ్లకును సిలిండర్లు చేరినవి. అరువది సంవత్సరములు కట్టెలతో వండిన చేయి ఒక్క దినమున గ్యాసు మీట త్రిప్పవలసి వచ్చెను. చేతికి అలవాటు మారినంత సులభముగ మాట మారదు. అందుకొక ఉదాహరణము చెప్పెదము.

దీపము ఆరిపోయినదనుట అశుభమని మనవారు ‘దీపము కొండెక్కినది’ అందురు. మంచి మాట. పొయ్యి ఆరినను మన పల్లెలలో కొందరు అవ్వలు ‘పొయ్యి కొండెక్కింది’ అనియే అందురు. కట్టెల పొయ్యి కొండెక్కినచో ఆ కథ అంతటితో ముగిసినది, తిరిగి ఊదుకొనవచ్చును. గ్యాసు పొయ్యి కొండెక్కినచో కథ అప్పుడే ఆరంభమగును. పాలు పొంగి మంట ఆరినది, మీట తెరచియే యున్నది, గ్యాసు వచ్చుచునే యున్నది. ఇచ్చట అశుభమునకు వెరచి మాట తిప్పరాదు. ‘మంట ఆరినది, గ్యాసు వచ్చుచున్నది, మీట మూయుడు’ అని ఉన్నదున్నట్లు కేకవేయవలెను.

సిలిండరులో ఉన్నదేమి? మేము పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో అచ్చటివారు దీనిని ‘గ్యాసు బండ’ యనగా వింటిమి. పత్రికలలోను ఆ మాటయే కనబడెను. బరువును జూచి పెట్టిన పేరు కాబోలు. బండ యనగా లోపల గట్టి వస్తువున్నట్లు తోచును గాని, లోపల నున్నది ద్రవము. ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువులను ఒత్తిడిచేత ద్రవముగ మార్చి నింపుదురు. మన యిండ్లకు వచ్చు సిలిండరులో 14.2 కిలోగ్రాములుండును. ఈ ద్రవము బయటికి వచ్చి వాయువైనప్పుడు సుమారు 250 రెట్లు పెరుగును. సిలిండరును నిలువుగనే యుంచవలెను, పరుండబెట్టరాదు అనుటకు కారణమిదియే. నిలువుగ నున్నప్పుడు పైభాగమున వాయువు, క్రింద ద్రవము. పరుండబెట్టినచో వాయువునకు బదులు ద్రవమే గొట్టములోనికి వచ్చును. గ్యాసు అయిపోవచ్చినదని సిలిండరును వంచి, పొరలించి, వేడినీళ్లు పోసి కడపటి చుక్కవరకు రాబట్టుట కొందరి యిండ్లలో గొప్ప పొదుపుగ చెల్లుచున్నది. అది పొదుపు కాదు.

ఇంకొక గుణము. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు బరువైనవి. కావున బయటికి వచ్చిన గ్యాసు పొగవలె పైకి పోదు. నీటివలె నేలబారున ప్రాకును, పల్లమునకు చేరును, గడప దాటి ప్రక్కగదికి పోవును. కిటికీ ఒక్కటి తెరచి ఊరకుండిన చాలదు. నేలదాక తెరచుకొను తలుపు తీయవలెను. మెట్లక్రింది గుంటలోను, నేలమాళిగలోను సిలిండరు పెట్టరాదు. పొయ్యి ఎప్పుడును సిలిండరుకంటె ఎత్తుగ గట్టుమీద నుండవలెను. కొన్ని పట్టణములలో గొట్టములగుండ ఇండ్లకు వచ్చు సహజవాయువు దీనికి భిన్నము. అది ముఖ్యముగ మీథేను, గాలికంటె తేలిక, పైకప్పు క్రింద నిలుచును. బంధువుల యింట ఏ గ్యాసున్నదో తెలియకయే సలహా చెప్పవలదు.

గాలిలో నూటికి రెండు పాళ్లు మొదలు తొమ్మిది పాళ్ల వరకు ఈ గ్యాసు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలిన భగ్గున మండును. రెండు పాళ్లకు ఎంత గ్యాసు కావలయును? పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల వంటయింటికి ఒక కిలోగ్రాము చాలును. పదునాలుగు కిలోగ్రాముల సిలిండరు దగ్గర మనము ఎంత నిర్లక్ష్యముగ తిరుగుచున్నామో చూడుడు.

ఈ వాయువునకు స్వతహాగా వాసన దాదాపు లేదు. మీ యింటిలో మీట తెరచినప్పుడు వచ్చు కుళ్లు వాసన మనుష్యులు కలిపినది. ఇథైల్ మెర్కాప్టాన్ అను గంధకపు పదార్థము అది. ఎంత కొంచెము కలిసినను ముక్కునకు తెలియును. మండదగినంత గ్యాసు చేరుటకు చాల ముందే, అందులో అయిదవ వంతు ఉన్నప్పుడే వాసన తెలియవలెనని లెక్కకట్టి కలుపుదురు. ఇట్లు వాసన కలుపుట చట్టములలోనికి ఎక్కుటకు కారణము ఒక పాఠశాల. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున న్యూ లండన్ అను ఊరు కలదు. చుట్టును నూనె బావులు. ఆ ఊరి పాఠశాల గదులను గ్యాసుతో వెచ్చచేసెడివారు. ఖర్చు తగ్గునని, నూనె బావులనుండి వచ్చు వృథా గ్యాసు గొట్టమునకు పాఠశాల గొట్టమును కలిపిరి. ఆ గ్యాసునకు వాసన లేదు. అది కట్టడము అడుగున నేలక్రింద కారి నిండుచుండగా ఎవరికిని తెలియలేదు. 1937 మార్చి 18వ తేది మధ్యాహ్నము, బడి విడుచుటకు కొలది నిమిషముల ముందు, చేతిపనుల గదిలో ఒక విద్యుత్ యంత్రమును నడిపిరి. దాని నిప్పురవ్వ తగిలి కట్టడమంతయు ఎగిరిపోయెను. దాదాపు మూడువందలమంది బాలబాలికలును ఉపాధ్యాయులును మరణించిరి. ఆ సంవత్సరమే టెక్సాసులో గ్యాసునకు వాసన కలుపవలెనని చట్టము చేసిరి. పిదప ఇతర దేశములును ఆ పద్ధతిని అవలంబించినవి. మన వంటయింటి గ్యాసు కంపు ఆ పిల్లల మరణమునుండి పుట్టినది. దానిని ముక్కు మూసికొని సహించుటకు గాక, విని లేచుటకే కలిపియున్నారు.

వాసన వచ్చినప్పుడు చేయవలసిన పని చీకటిలోనైనను తోచునంతగా అలవాటు కావలెను. మొదట పొయ్యి మీటలను, రెగ్యులేటరును మూయుడు. దేవుని దీపము, అగరువత్తి, దోమల చుట్ట ఆర్పుడు. తలుపులు తెరువుడు. ఈ సమయమున విద్యుత్ స్విచ్చిని ముట్టరాదు. వేయరాదు, ఆపనుకూడ రాదు. ఇది చాలమంది గ్రహింపరు. ‘దీపము వేయుట తప్పు గాని ఆపుట మంచిదే గదా’ యందురు. స్విచ్చిలో రవ్వ పుట్టుట వేసినప్పుడును ఆపినప్పుడును సమానమే. ఫ్యాను వేసి గ్యాసును తరుముదమను ఆలోచన అన్నిటికంటె చెడ్డది. రెఫ్రిజిరేటరు తనంతట తాను ఆగుచు నడుచుచు నుండును. దానియందును రవ్వ కలదు. మెయిను స్విచ్చి ఇంటి వెలుపల దూరముగ నున్నచో దానిని మాత్రము ఆపవచ్చును. సిలిండరునుండి రెగ్యులేటరును తీసి, దారముతో వ్రేలాడు మూతను వాల్వుమీద బిగింపుడు. అంతటితోనే వాసన తగ్గవలెను. తగ్గకున్నచో అందరును బయటికి రావలెను, పిల్లలు ముందు. బయటికి వచ్చిన పిదపనే ఫోను తీయుడు. గ్యాసు కారుట గూర్చి చెప్పుటకు 1906 అను సంఖ్య దేశమంతటికిని ఒక్కటే. పగలు రాత్రి పనిచేయును. మంట అంటుకొన్నచో 101. ఈ రెండు సంఖ్యలను వంటయింటి తలుపు వెనుక తెలుగు అంకెలతో గాక ఇప్పటి అంకెలతోనే పెద్దగ వ్రాసి అంటింపుడు. ఫోనుమీద ఉండునవి అవియే.

జలుబు చేసినవారికిని, ముసలివారికిని వాసన సరిగా తెలియదు. కావున వాసననే నమ్ముకొని యుండక నెలకొకసారి సబ్బునీటి పరీక్ష చేయవలెను. రెగ్యులేటరు తెరచి, పొయ్యి మీటలు మూసి, గొట్టము రెండు కొసలయొద్దను వాల్వుయొద్దను సబ్బు నురుగు పూయుడు. బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నది. కొందరు అగ్గిపుల్ల వెలిగించి కొసలయొద్ద త్రిప్పి చూతురు. గ్యాసు ఉన్నదో లేదో దానివలనను తెలియును గాని, తెలిసికొన్నవారు మిగులుదురను నమ్మకము లేదు.

క్రొత్త సిలిండరు వచ్చినప్పుడు తెచ్చిన మనిషి ఎదుటనే సీలు చూచి తీయించి, వాల్వులో నాలుగు చుక్కల నీరు వేసి బుడగలు వచ్చునేమో చూడుడు. వచ్చినచో లోపలి రబ్బరు వాషరు చెడినది. ఆ సిలిండరును అప్పుడే త్రిప్పి పంపవలెను. అతనికి తొందర యుండును. మీరు తొందరపడవలదు. సిలిండరు పైభాగమున చేతిపిడిని మోయు మూడు ఇనుప పట్టీలలో ఒకదానిమీద ఒక అక్షరమును రెండంకెలును వ్రాసియుండును. ఏ యనిన ఆ సంవత్సరము మార్చి వరకు, బి యనిన జూను వరకు, సి యనిన సెప్టెంబరు వరకు, డి యనిన డిసెంబరు వరకు. అంకెలు సంవత్సరమును తెలుపును. అప్పటికి ఆ సిలిండరునకు మరల బలపరీక్ష జరుగవలెను. ఆ గడువు దాటిన సిలిండరును తీసికొనరాదు. ఇంటిలో ఆంగ్లాక్షరములు తెలిసినవారు మీరొక్కరే యైనచో సిలిండరు వచ్చు దినమున ఇది మీ పని.

గొట్టము ఐ.ఎస్.ఐ. ముద్రగలదై, లోపల తీగ అల్లికగలదై యుండవలెను. ఒకటిన్నర మీటరునకు మించరాదు. పగుళ్లు లేకున్నను దానిమీద ముద్రించిన గడువు తీరగనే మార్చవలెను. సాధారణముగ అయిదేండ్లు. దానిని గోడలోనుండి గాని బీరువా వెనుకనుండి గాని త్రిప్పినచో ఎలుక కొరికినను కనబడదు. రాత్రి పరుండబోవునప్పుడు రెగ్యులేటరు మూయుట సంజె దీపము పెట్టుటవలె అలవాటు కావలెను. వెలిగించునప్పుడు ముందు అగ్గిపుల్ల, తరువాత మీట. తక్కిన నియమములు పెద్దలు ఎఱుగనివి కావు.

ఇక మంటను చూడ నేర్వవలెను. చక్కగ మండు గ్యాసు మంట నీలముగ, మొనదేలి, నిలుకడగ నుండును. పసుపుపచ్చగ, పొడుగుగ, నాలుకలు చాచి ఆడుచున్నచో దానికి గాలి చాలుటలేదు. గిన్నె అడుగున మసి పట్టుట దాని గుర్తు. చాలమంది మసిని తోముకొనవలసిన కష్టముగనే తలతురు. మసి యనగా మండక మిగిలిన కార్బను. మసి యున్నచోట మండీమండని వాయువును ఉండును. బర్నరు రంధ్రములలో పొంగిన పాలో చారో ఎండి అడ్డుపడియుండును. బర్నరు చల్లారిన పిదప తీసి, కడిగి, కుంచెతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టి పెట్టినచో తరచు నీలిమంట తిరిగి వచ్చును. అప్పటికిని రానిచో మరమ్మతువానిని పిలువవలెను.

మండీమండని యా వాయువే మేము మొదట చెప్పిన రెండవ శత్రువు. కార్బను పరమాణువొక్కటి రెండు ఆక్సిజను పరమాణువులను కోరును. రెండును దొరికినచో కార్బన్ డయాక్సైడగును. గాలి చాలక ఒక్కటియే దొరికినచో కార్బన్ మోనాక్సైడగును. దీనికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. సిలిండరులో కలిపిన కుళ్లు వాసన ఏమైనదని అడుగుదురేమో. ఆ వాసన పదార్థము గ్యాసుతోపాటు మంటలో కాలిపోయినది. కావలికాడు నిప్పులో పడిన పిదప దొంగ లోపల ప్రవేశించినట్లు! గ్యాసు కారుటను తెలుపు ముక్కు ఇచ్చట దేనికిని పనికిరాదు.

మన రక్తములో ఆక్సిజనును మోయునది హీమోగ్లోబిన్. అది ఆక్సిజనుకంటె కార్బన్ మోనాక్సైడును రెండువందల రెట్లకు పైగా గట్టిగ పట్టుకొనును. కొంచెము విషవాయువు లోపలికి పోయినను ఆక్సిజను కూర్చుండవలసిన చోట్లను అది ఆక్రమించును. ఊపిరి ఆడుచునే యుండును, దగ్గు రాదు, ఉక్కిరిబిక్కిరి కాదు. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, కాళ్లు తేలిపోవుట. తలుపు తీయవలెనని తోచు సమయమునకు గడియవరకు నడుచు బలము కాళ్లలో ఉండదు. స్నానపు గదిలో పడియున్నవారిని బయటికి తెచ్చినప్పుడు ఇంటివారు మూర్ఛ యనుకొందురు, గుండెపోటనుకొందురు. చేతిలో తాళపుచెవులు పెట్టుటతోను, ఉల్లిపాయ వాసన చూపుటతోను విలువగల నిమిషములు గడచును.

మన హొసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. మార్గశిర పుష్య మాసములలో వేన్నీళ్లు లేనిదే ఇచ్చట స్నానము లేదు. కరెంటు ఖర్చు తక్కువయని గ్యాసు గీజరును కొందురు. స్థలము లేదని స్నానపు గదిలోనే గోడకు బిగింతురు. చలిగాలి వచ్చుచున్నదని పైనున్న వెంటిలేటరుకు అట్ట అడ్డు పెట్టుదురు. తలుపు గడియ వేసికొందురు. ఈ నాలుగు పనులును వేరువేరుగ చూచిన న్యాయముగనే యున్నవి. నాలుగును ఒక్కచోట చేరినప్పుడే మరణము సంభవించును.

లెక్క వేసి చూతము. గీజరు పెద్దమంటతో గంటసేపు మండినచో రమారమి ఒక కిలోగ్రాము గ్యాసు ఖర్చగును. ఒక కిలోగ్రాము గ్యాసు పూర్తిగా మండుటకు సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావలెను. అట్లయిన పది నిమిషములకు రెండు ఘనపు మీటర్లకు పైగా. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తుగల స్నానపు గదిలో ఉన్నది 240 ఘనపుటడుగుల గాలి, అనగా ఏడు ఘనపు మీటర్లకు లోపు. ఒక్కరి స్నానమునకే గదిలోని గాలిలో మూడవ వంతు దగ్గర దగ్గరగ మంటకు సరిపోయినది. గాలిలో ఆక్సిజను తగ్గినకొలది మంట చెడును. మంట చెడినకొలది విషవాయువు పెరుగును. వరుసగ నలుగురు స్నానము చేయు ఇంటిలో మూడవవారిని, నాలుగవవారిని గూర్చి ఎక్కువ భయపడవలెను. సాధారణముగ ఇంటిలో కడపట స్నానము చేయునది ఎవరో మీకు తెలియును.

కావున గీజరును దాని సిలిండరును స్నానపు గది వెలుపల, గాలి బాగుగ ఆడుచోట ఉంచి, నీటి గొట్టము మాత్రమే లోనికి తేవలెను. ఇదియే సరియైన పద్ధతి, తక్కినవన్నియు సర్దుబాట్లు. అద్దె యిల్లయి, గోడకు బెజ్జము వేయుటకు ఇంటివారు ఒప్పుకొననిచో, అది మారువరకు ఈ విధముగ చేయుడు: తలుపు బారుగ తెరచి యుంచి బకెట్టు నింపుడు, గీజరు ఆపుడు, గదిలో గాలి మారువరకు కొంతసేపు ఆగుడు, అటుపిమ్మట తలుపు వేసికొని బకెట్టు నీటితో స్నానము చేయుడు. గీజరు మండుచుండగా గడియ వేయరాదు. వెంటిలేటరుకు అట్ట ఎవరు పెట్టినను తీసివేయుడు. ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నంతమాత్రమున చాలదు. పోవు గాలికి బదులు క్రొత్తగాలి వచ్చు దారి క్రింద కూడ ఉండవలెను. ఏటేట చలికాలమునకు ముందు గీజరును విప్పించి బర్నరును శుభ్రము చేయించుట మంచిది. మంట కనబడు చిన్న కిటికీలో పసుపురంగు కనబడినచో ఆ దినము చన్నీళ్లే.

లోపలివారు పిలిచినను పలుకనిచో ఆలస్యము చేయక తలుపు పగులగొట్టవలెను. సిగ్గు అడ్డు రాగూడదు. ఒక దుప్పటి చేత పట్టుకొని పొండు. ఊపిరి బిగబట్టి లోనికి పోయి, గీజరు ఆపి, పడినవారిని బయటి గాలికి లాగుడు. లోపల నిలిచి లేపుటకు ప్రయత్నించినచో మీరును పడుదురు. 108కి ఫోను చేయుడు. వైద్యునితో ‘గీజరు మండుచుండెను’ అను మాట తప్పక చెప్పుడు. ఆ ఒక్క మాటవలన రోగము ఏదో ఆయనకు తెలియును, ఆక్సిజను ఇచ్చుట ఆలస్యము కాదు. మాట వచ్చినవారు తమిళముననో కన్నడముననో చెప్పుడు. రానివారు ‘గ్యాసు గీజరు’ అన్నను చాలును. ఆ రెండు మాటలును అన్ని భాషలలో ఒక్కటియే.

కుంపటియు ఈ కోవలోనిదే. బాలింత గదిలో కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, చలిగాలి తగులునని తలుపులు బిగించు ఆచారము మన యిండ్లలో ఇంకను కలదు. బొగ్గు నిప్పు పొగలేక ఎఱ్ఱగ కణకణలాడుచున్నప్పుడు కూడ కార్బన్ మోనాక్సైడును బాగుగ విడుచును. సాంబ్రాణి వాసన దానికి విరుగుడు కాదు. రాత్రియంతయు కుంపటితో మూసిన గదిలో తల్లిని, పసికందును పరుండనీయరాదు. ఈ విషయమున పెద్దలతో వాదించుట కష్టమే. ఆచారము మానుమని చెప్పక, ‘కుంపటితో గది కాగినది, ఇక బయట పెట్టెదను, అవ్వా’ అని చెప్పి తీసికొనిపొండు.

మీ బంధువులలో కొందరు అమెరికా, కెనడా దేశములలో ఉండవచ్చును. అచ్చట ఇంటినంతటిని వెచ్చచేయు గ్యాసు కొలిమి ఇంటి అడుగుభాగమున ఉండుట కలదు. మన గీజరుకు అది పెద్దన్న. కాలిన వాయువులు వేరు గొట్టముగుండ వెలుపలికి పోవును. ఇంటి గాలి లోహపు గోడకు ఆవలగ వేడెక్కి గదులకు పోవును. ఆ లోహము పగిలినను, వెలుపలి గొట్టపు మూతి మంచుతో మూసికొనిపోయినను విషవాయువు ఇంటిలోనికి వచ్చును. అందువలన ప్రతి సంవత్సరము చలికాలమునకు ముందు దానిని పరీక్ష చేయింతురు, గాలి వడపోతను తరచు మార్చుదురు; పడకగదులయొద్ద కార్బన్ మోనాక్సైడును కనిపెట్టి కూతపెట్టు చిన్న యంత్రమును అమర్చుదురు. ముక్కు చేయలేని పనిని ఆ యంత్రము చేయును. అట్టివి మన దేశమునను అమ్మకమునకు కలవు. గీజరు కొనగలవారు దీనిని కూడ కొనుట దుబారా కాదని మా యభిప్రాయము.

అభ్యాసము: మీ స్నానపు గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి అందులో ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఉన్నదో లెక్కింపుడు. మీ యింటి సిలిండరుమీది అక్షరమును అంకెలను వ్రాసికొని వచ్చి, అవి ఏ నెలవరకు చెల్లునో తరగతిలో చెప్పుడు. గొట్టముమీది గడువును చూడుడు. పొయ్యిమంట రంగును రాత్రి దీపము ఆర్పి పరిశీలించి రెండు వాక్యములలో వర్ణింపుడు. గీజరుతో వచ్చిన పుస్తకములో హెచ్చరికలున్న పుటను మాత్రము అవ్వకు అర్థమగు తెలుగులో వ్రాసి, ఆమెకు చదివి వినిపించి, ఆమెకు తెలియని మాట క్రింద గీత గీసి తీసికొనిరండు. ఆ మాటలకు బదులేమి వ్రాయవలయునో తరగతిలో కలసి ఆలోచింతము.